ఆకలిగొన్నవానిని ఏమి అడుగుదుము?

ఇంట్లో కూర్చుని వింటున్నవారికి, చేను గట్టు మీద రేడియో పెట్టుకుని వింటున్నవారికి, బెంగళూరులో కట్టడము పని దగ్గర రేకుల షెడ్డులో ఉండి వింటున్న మన జిల్లా బిడ్డలకు కూడా నా వందనములు.

ఈ పూట వాక్యముతో పాటు కొంత చరిత్ర చెప్పాలని ఆశపడుతున్నాను. ఎక్కడి చరిత్రో కాదు, మన అనంతపురము కరువు చరిత్రే. "అయ్యగారూ, కరువు సంగతి మాకు మీరు చెప్పాలా?" అని మీరనవచ్చు. నిజమే, కరువును గురించి మీకు నేర్పేంతవాడిని కాను. అయితే కరువు కాలములో ఒకరికి అన్నం పెట్టినవారు, తిన్నవారి దగ్గర నుండి బదులుగా ఏమి అడిగారు అన్న ఒక్క సంగతిని మీతో కలిసి ఆలోచించాలని ఉంది. ఎందుకంటే ఈ విషయములో నేనే ఒకసారి తప్పిపోయాను. అది తరువాత చెప్తాను.

మొదట బైబిలులో రెండు కరువులు చూద్దాం. యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కూర్చిన సంగతి మన సండే స్కూలు పిల్లలు కూడా చెప్తారు. అది ఆదికాండము 41వ అధ్యాయము. 47వ అధ్యాయము మాత్రము మనము అంతగా చదవము. అక్కడ ఏం జరిగిందో చూడండి. కొట్లలో ధాన్యము ఉంది. జనుల దగ్గర ఉన్న రూకలన్నీ మొదట దానికి పోయాయి. తరువాత మందలు, ఎద్దులు, గాడిదలు పోయాయి. ఆ తరువాత భూములు పోయాయి. చివరికి వారే ఫరోకు దాసులమవుతామని ఒప్పుకున్నారు. ప్రాణము దక్కింది, స్వాతంత్ర్యము పోయింది. యోసేపు చెడ్డవాడని నేను అనడం లేదు. దేవుడు అతని ద్వారా అనేకుల ప్రాణము కాపాడాడు. కాని ఆకలిగొన్నవాడు బేరమాడలేడు, ఏది అడిగితే అది ఇస్తాడు. ఈ సంగతి బైబిలు దాచిపెట్టలేదు.

రెండవది 1 రాజులు 17వ అధ్యాయము. ఏలీయా కెరీతు వాగు దగ్గర ఉన్నాడు, వాగు ఎండిపోయింది. మన చిత్రావతిని ఎండాకాలంలో చూసినవారికి ఆ మాట వివరించనక్కరలేదు. దేవుడు అతనిని సీదోను దేశములోని సారెపతుకు పంపాడు. అక్కడ పట్టెడు పిండి, కొంచెం నూనె తప్ప ఏమీ లేని ఒక విధవరాలు అతనిని పోషించింది. గమనించండి, ఆమె ఇశ్రాయేలీయురాలు కాదు. దేవుని మనిషికి అన్యురాలు అన్నం పెట్టింది. లూకా 4వ అధ్యాయములో ప్రభువు నజరేతు సమాజమందిరములో ఈ సంగతే గుర్తు చేస్తే, వారికి ఎంత కోపం వచ్చిందంటే, ఆయనను కొండ మీద నుండి తోసేయబోయారు. మన గుడిలో ఎవరైనా అదే మాట అంటే మనకూ కొంచెం కోపం వస్తుందేమో.

ఇక మన నేలకు వద్దాం. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల అవతలే వానంతా కురిపించి, ఖాళీ మబ్బులతో మన మీదుగా పోతాయి. ఈశాన్య ఋతుపవనాలు కోస్తాలో కురిసి, మన దాకా వచ్చేసరికి నీరసపడతాయి. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఏ నెలలో పడుతుందో తెలియదు. బుడ్డలు విత్తినప్పుడు పడితే ఊడ దిగేటప్పుడు పడదు, పెరికే రోజున మాత్రం తప్పకుండా పడుతుంది. అందుకే ఇక్కడి మనుషులకు మొగులు చూసే అలవాటు పుట్టుకతోనే వస్తుంది.

పెద్దవాళ్ళు "ధాత కరువు" అనేవారు. మా జేజి కూడా అనేది, ఆమె పుట్టకముందే జరిగినా సరే. ధాత నామ సంవత్సరము, దాని వెనుక ఈశ్వర నామ సంవత్సరము. అంటే 1876 నుండి 1878 వరకు. అప్పటికి అనంతపురము జిల్లా ఇంకా ఏర్పడలేదు, మన తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. మన జిల్లా 1882లో వచ్చింది. 1876లో రెండు ఋతుపవనాలూ మొహం చాటేశాయి. మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. 1871 జనాభా లెక్కలకు, 1881 లెక్కలకు మధ్య మన తాలూకాల జనము సుమారు ఐదో వంతు తగ్గిపోయింది. దక్షిణ భారతమంతటా ఆ కరువులో చనిపోయినవారు 50 లక్షలకు పైనే అని చరిత్రకారుల అంచనా.

ఒక సంగతి ఆలోచించండి. గుత్తి, గుంతకల్లు మీదుగా మద్రాసు బొంబాయి రైలు మార్గము అప్పటికే పూర్తయింది, 1871లోనే. రైలులో ధాన్యము వచ్చింది. స్టేషన్లలో మూటలు కనబడ్డాయి. కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఆదికాండము 47వ అధ్యాయమే మళ్ళీ వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ ప్రభువు విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ గొప్ప దర్బారు చేశాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు.

ఈ టెంపుల్ గారి కథ విచిత్రమైనది. మూడేళ్ళ ముందు, 1874లో, బీహారులో కరువు వస్తే ఈయనే బర్మా నుండి బియ్యము తెప్పించి, ధారాళంగా పంచి, లక్షల ప్రాణాలు కాపాడాడు. అందుకు ఆయనకు మెప్పు రావలసింది. రాలేదు సరికదా, డబ్బు దుబారా చేశావని చీవాట్లు వచ్చాయి. ఆ చీవాట్లు ఆయన మనసులో ఉండిపోయాయి కాబోలు, మద్రాసుకు వచ్చినప్పుడు చేయి బిగించాడు. కరువు పనిలో రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యము, అంటే సుమారు 450 గ్రాములు, ఒక అణా డబ్బు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. దీనిని "టెంపుల్ కూలి" అని పేరు పెట్టి పిలిచారు. ఒక మనిషి పేరు ఇలాంటి దానికి నిలిచిపోవడం ఎంత బాధాకరమో చూడండి.

అయితే ప్రభుత్వములోనే ఎదురు నిలిచినవాడు ఒకడున్నాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్. ఈ కూలితో పని చేసే మనిషి బ్రతకడు అని ఆయన వైద్యుని లెక్కలతో వాదించాడు. కనీసము 680 గ్రాముల ధాన్యము, దానితో పాటు పప్పు, కూరగాయలు ఉండాలన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము సగం దారి దిగివచ్చి 570 గ్రాముల ధాన్యము, కొంచెం పప్పు ఇచ్చింది. ఆ 120 గ్రాముల తేడా చిన్నదిగా కనబడుతుంది మనకు. చేతిలో గుప్పెడు గింజలు అంతే. ఒక బిడ్డకు ఆ పూట సంగటి దొరుకుతుందా, దొరకదా అన్నది అందులోనే ఉంది. నేను సెమినరీలో చదివేటప్పుడు పరిశుద్ధుల చరిత్రలు చాలా చదివాను. ఆఫీసులో కూర్చుని, గ్రాముల కోసం పై అధికారులతో పోట్లాడిన ఇలాంటి వారిని కూడా ఆ వరుసలో చేర్చాలని నాకు అనిపిస్తుంది.

1877 ఆగస్టులో మద్రాసులో సభ పెట్టి, ఇంగ్లండు ప్రజలకు సహాయము కొరకు విన్నపము పంపారు. లండను మేయరు నిధి తెరిచాడు. కూలీలు, దుకాణదారులు, చర్చిలు, బడులు కానుకలు పంపారు. ఆ నిధి పంచే కమిటీలలో మిషనరీలు కూడా కూర్చున్నారు. గంజికే కాదు, చితికిపోయిన రైతుకు విత్తనాలకు, ఎడ్లకు, కూలిపోయిన ఇంటి కప్పుకు కూడా ఆ డబ్బు వాడారు. మనిషిని బ్రతికించడమే కాదు, మళ్ళీ తన కాళ్ళ మీద నిలబెట్టాలన్న ఆలోచన అందులో ఉంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాటకు వస్తున్నాను. "మీ వాళ్ళు కూటి కోసం మతం మారినోళ్ళు కదా?" చిన్నప్పుడు బడిలో ఈ మాట విన్నాను. వింటున్నవారిలో చాలామంది విని ఉంటారు. ఆ కరువు తరువాతి కాలములోనే మన సీమలో మాల, మాదిగ పల్లెలలో సంఘాలు విస్తారముగా కట్టబడ్డాయి గనుక ఈ మాట ఊరికే పుట్టలేదు. మా ముత్తాత బాప్తిస్మము తీసుకున్నది కూడా ఆ తరములోనే అని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన ఆకలితో వచ్చాడా, విశ్వాసముతో వచ్చాడా? నాకు తెలియదు. ఆయన వచ్చి ఉండకపోతే నేను ఈ మైకు ముందు ఉండేవాడిని కానన్నది మాత్రము తెలుసు.

ఈ ప్రశ్నకు ఆ కరువు రోజుల్లోనే ఒక జవాబు మన జిల్లాకు బయట, ఒంగోలులో దొరికింది. అక్కడ జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఆయన ప్రభుత్వము దగ్గర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకము కాంట్రాక్టుగా తీసుకుని, వేలమందికి పని చూపించాడు. బాప్తిస్మము ఇవ్వమని జనము గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. కరువు సహాయము పంచుతున్నంత కాలము, ఏడాదికి పైగా, ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, అన్నం పెట్టే చేతిని బాప్తిస్మమిచ్చే చేతిని వేరుగా పెట్టాడు. సహాయము ఆగిపోయాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము కన్వెన్షన్లలో గర్వముగా చెప్పుకుంటాము. దాని ముందు ఆయన ఆపి ఉంచిన నెలలను గురించి ఎవ్వరూ ప్రసంగించరు. నాకు మాత్రం ఆ నెలలే గొప్పగా కనబడతాయి.

అలాగని ఆకలికి ఇందులో పాత్ర లేదని నేను వాదించను. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనుషులను ఒకడు వచ్చి పేరు పెట్టి పిలిచి, పని ఇచ్చి, కూలి లెక్కగా చేతిలో పెడితే, ఆ మనిషి దేవుడు ఎవరో తెలుసుకోవాలని వారికి అనిపించదా? అనిపించడం తప్పా?

కనికరము మనకొక్కరికే సొంతమని కూడా అనుకోవద్దు. ధాత కరువుకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు తన గాదెలు తెరిచి నెలల తరబడి వేలమందికి గంజి, అంబలి పోయించారు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము పంపింది. ఆయన క్రైస్తవుడు కాదు. సారెపతు విధవరాలు కూడా ఇశ్రాయేలీయురాలు కాదని ఇంతకుముందే చెప్పుకున్నాం.

తరువాతి సంగతులు త్వరగా చెప్తాను. లండన్ మిషన్ వారు బళ్ళారికి 1810లోనే వచ్చారు. 19వ శతాబ్దము చివరికి గుత్తి, అనంతపురము, జమ్మలమడుగు ప్రాంతాలలో బడులు, వైద్యము వేళ్ళూనుకున్నాయి. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు తెలియని సీమవాసి ఉండడు. 1928లో నంద్యాల మహాసభలో దత్త మండలాలకు "రాయలసీమ" అన్న పేరు స్థిరపడింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది, 1950లో రాయలసీమ అధ్యక్ష మండలము వచ్చింది. అదే సమయానికి మళ్ళీ వరుస కరువులు, మళ్ళీ గంజి కేంద్రాలు. సంఘము పేరు మారింది, దేశానికి స్వాతంత్ర్యము వచ్చింది, గంజి గిన్నె పట్టుకున్న చేతులు మాత్రము మారలేదు.

1969లో ఒక మనిషి అనంతపురము వచ్చాడు. విన్సెంట్ ఫెర్రర్. మన పల్లెల్లో "ఫాదర్ ఫెర్రర్" అంటే తెలియనివారు లేరు. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టాడు. యౌవనములో తన దేశపు అంతర్యుద్ధములో సైనికుడిగా ఉన్నాడు. తరువాత కతోలికుల యేసు సభలో చేరి, 1952లో మన దేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర బీద రైతులకు బావులు తవ్వుకోవడానికి వడ్డీ లేని అప్పు, పని చేసే రోజులకు గోధుమలు, నూనె సమకూర్చాడు. బీదవారు లేచి నిలబడితే ఎప్పుడూ కొందరికి నచ్చదు. 1968లో ఆయనను దేశము విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆయన కోసం వేలాది రైతులు మన్మాడ్ నుండి బొంబాయి దాకా నడిచారు. ప్రధాని ఇందిరా గాంధీ జోక్యముతో ఆయన తిరిగి రాగలిగాడు. వచ్చి చేరినది మన కరువు సీమకు.

1970లో ఆయన యేసు సభను విడిచి, ఇంగ్లండు దేశపు పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహము చేసుకున్నాడు. ప్రొటెస్టెంటులమైన మనము దీనికి ఆశ్చర్యపోనక్కరలేదు, 1525లో మార్టిన్ లూథరు కూడా పెళ్ళి చేసుకున్నాడు కదా! సరే, అది అలా ఉంచండి. మా సెమినరీ సంఘ చరిత్ర పాఠాలలో ఫెర్రర్ పేరు ఒక్కసారి కూడా రాలేదు. కతోలికులకు ఆయన సభ విడిచిన మనిషి. మనకు కతోలికుడు. ఏ పాఠ్యపుస్తకములోనూ ఆయన ఇమడలేదు. ఊళ్ళలో మాత్రం ఇమిడిపోయాడు.

ఆయన, ఆన్ ఫెర్రర్ కట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, మన వాడుకలో ఆర్డీటీ, మొదట పట్టుకున్న పని బావులే. చేను నీదే, బావి నీదే, తవ్వేది నువ్వే. తవ్వే రోజులకు తిండి గింజలు అందుతాయి. ధాత కరువులో టెంపుల్ కూలికి పని చేసినవాడు రోడ్డుకు రాళ్ళు కొట్టాడు, ఆ రోడ్డు మీద తోలుకోవడానికి అతనికి బండి లేదు, ఎద్దు లేదు. ఇక్కడ బావి తవ్వినవాడికి నీళ్ళు పడితే అవి అతని చేలోకే పారాయి. రెండు చోట్లా పని అడిగారు. ఎవరి కోసం అడిగారన్నదే చూడవలసింది.

బావులతో ఆ పని ఆగలేదు. ఎస్సీ, ఎస్టీ కాలనీలలో బడులు, ఆరోగ్య కార్యకర్తలు, మహిళా సంఘాలు, వికలాంగుల కొరకు ప్రత్యేకమైన సేవ, వేల ఇళ్ళు వచ్చాయి. ఆ ఇళ్ళు ఆడవారి పేరున రాయించారు. మగవాడు తాగి తాకట్టు పెట్టకూడదని ముందే ఆలోచించారన్నమాట. ఈ ఒక్క సంగతిలో ఎంత లోకజ్ఞానము ఉందో మన అక్కచెల్లెళ్ళకు తెలుసు. బత్తలపల్లిలో 2000వ సంవత్సరములో పెద్ద ఆసుపత్రి తెరిచారు. స్పెయిన్‌లో లక్షకు పైగా సామాన్య కుటుంబాలు తమ జీతాలలో నుండి నెలనెలా కొంత పంపాయి. అంతియొకయ సంఘస్థులు ప్రతివాడును తన శక్తికొలది యూదయకు సహాయము పంపిన సంగతి అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో చదువుతాము కదా, అది గుర్తుకు వస్తుంది. 2009 జూన్ 19న ఆయన అనంతపురములో కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. ఆ దినాన వరుసలో నిలబడి ఏడ్చినవారిలో బొట్టు పెట్టుకున్నవారు, టోపీ పెట్టుకున్నవారు, సిలువ వేసుకున్నవారు అందరూ ఉన్నారు. ఎవరినీ మీదే మతమని ఆయన అడగలేదు గనుక వారు కూడా అడగలేదు.

నేను ఆ పనిని పొగడడానికే రాలేదు. బావులు అన్ని కాలాలకూ జవాబు కాలేదు. తరువాత బోర్లు వచ్చాయి. ఒకరి బోరు పక్కవాడి బావిని ఎండగొట్టింది. లక్షల ఎకరాల్లో ఒక్క వేరుశనగ పంటనే నమ్ముకున్నాము. అప్పు చేసి బోరు వేయడం, నీళ్ళు పడకపోతే మళ్ళీ అప్పు చేయడం. 1990ల చివరి నుండి మన జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో మీరు కళ్ళారా చూశారు. ఆ సమాధుల దగ్గర వాక్యము చదివిన కాపరులలో నేనూ ఒకడిని. ఆత్మహత్య పాపమని ప్రసంగించడం సులభం. అప్పు ఇచ్చినవాడు అంత్యక్రియలకు వచ్చి వెనుక వరుసలో నిలబడి ఉంటే ఏమి ప్రసంగించాలో ఏ సెమినరీలోనూ నేర్పరు.

ఆ కాలములోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వారు 1990 నుండి బంజరు నేలను పచ్చగా చేస్తూ, రైతులను మళ్ళీ కొర్రలు, సామలు వంటి పంటల వైపు తిప్పారు. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వారు 700కు పైగా గ్రామాలకు త్రాగునీరు అందించారు. ఈ మాట క్రైస్తవ రేడియోలో చెప్తున్నందుకు కొందరు నాకు ఉత్తరము రాస్తారని తెలుసు. రాయండి, చదువుతాను. సిద్ధాంతములో మాకు వారికి ఉన్న దూరము ఎంతో నేను ఎరుగుదును. అయితే ఆ కుళాయి నీళ్ళు మన సంఘస్థులు కూడా త్రాగారు. ఫ్లోరైడు నీళ్ళతో కాళ్ళు వంకరపోతున్న పల్లెలలో ఆ కుళాయి విలువ ఏమిటో అక్కడి తల్లులను అడగండి.

ఇంకొక దినము చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2. నార్పల మండలము బండ్లపల్లి. ప్రధాని మన్మోహన్ సింగ్ గారు, సోనియా గాంధీ గారు ఆ చిన్న ఊరికి వచ్చి, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మొదట దేశములో 200 జిల్లాలు. అడిగిన కుటుంబానికి సంవత్సరములో 100 దినముల పని, అది కూడా చట్టప్రకారము. మన పల్లెల్లో ఆడవాళ్ళు దానిని ఆ పెద్ద పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "కరువు పనికి పోతాండాము" అనేవారు. 1877లో రాళ్ళు కొట్టినదీ కరువు పనే, ఇదీ కరువు పనే. మాట అదే. దాని వెనుక ఉన్నది మారింది. అప్పుడు దొర దయతలిస్తే పని. ఇప్పుడు చట్టమిచ్చిన హక్కు. లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు చేను యజమానితో పొలము అంచులు కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు అన్నాడు. అవి బీదవారివి, పరదేశులవి. అది యజమాని పెట్టే భిక్ష కాదు, దేవుడు నియమించిన వాటా. మోయాబీయురాలైన రూతు ఆ వాటా మీదనే బ్రతికింది. ఆమె వంశములో ఎవరు పుట్టారో మీకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. బెంగళూరుకు, కేరళకు పోయిన మనవాళ్ళు కొందరు నడిచి వచ్చారు, కొందరు అక్కడే ఇరుక్కుపోయారు. మా సంఘములో కానుకలు పట్టి బియ్యము, కందిపప్పు, నూనె, ఉప్పు, సబ్బు కలిపి అరవై మూటలు కట్టాము. ఎవరికివ్వాలో పట్టిక నేనే రాశాను. సంఘ రిజిస్టరు ముందు పెట్టుకుని రాశాను. ఒక పెద్దాయన గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయము 10వ వచనము ఎత్తారు, విశ్వాస గృహమునకు చేరినవారి సంగతి అందులో ఉంది కదా. ఆ వచనములో అందరికీ మేలు చేయుడన్న మాట దానికి ముందే ఉంది. ఆ పూట మాకెవ్వరికీ ముందు మాట కనబడలేదు.

మూటలు పంచుతుంటే గుడి వెనుక వీధి అవ్వ ఒకామె వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆమె కొడుకు బెంగళూరులో బేల్దారి పని. ఫోను లేదు, డబ్బు పంపే దారి లేదు.

"సామీ, నా పేరుండాదా?" అంది.

"అవ్వా, ఇది సంఘస్థులకు. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాను.

"అట్లనా నాయనా. నేను మీ గుడికి రాను గదా" అంది. కోపము లేదు, ఎత్తిపొడుపు లేదు. రూలు అర్థమైనట్టు తల ఊపి పోయింది.

ఆ ఆదివారము ఫోనులో సంఘానికి ప్రసంగము పంపాలి. నేను ముందే అనుకున్న వాక్యభాగము 1 రాజులు 17. రాత్రి దానిని చదవడానికి కూర్చున్నాను. చదవలేకపోయాను. "కూటి కోసం మతం మారినోళ్ళు" అని నన్ను బడిలో అన్నవాడి మాటను నేనే నిజము చేశాననిపించింది. మా ముత్తాతను ఎవరూ అడగని ప్రశ్నను ఒక ముసలి తల్లిని అడిగాను. నా రిజిస్టరులో నీ పేరుందా అని.

మరునాడు పెద్దలను కూర్చోబెట్టి నా తప్పు ఒప్పుకున్నాను. ఇంకా పంచని మూటలు విప్పాము. సగము సగము చేసి మళ్ళీ కట్టాము. ఈసారి పట్టిక ఇంటి వరుసను బట్టి రాశాము. గుడి గోడ దగ్గర మొదలుపెట్టి వీధి చివర దాకా. మూట చిన్నదైందని మా సంఘములో రెండు కుటుంబాలకు కోపము వచ్చింది. వారిలో ఒకరు చాలా నెలలు ఆరాధనకు రాలేదు. వారిది అన్యాయమైన కోపమని కూడా అనలేను, వారికీ పిల్లలున్నారు, వారికీ పని లేదు.

అవ్వ ఇంటికి నేనే మూట తీసుకుపోయాను. నులకమంచము మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె మా గుడికి ఇప్పటికీ రాలేదు. రమ్మని నేను అడగలేదు. కొడుకు జూన్‌లో తిరిగి వచ్చాడని వీధిలో చెప్పారు.

ఆ నోటు పుస్తకము ఇప్పటికీ మా వెస్ట్రీ బీరువాలోనే ఉంది. మొదటి పేజీలో నా చేతిరాతతో రిజిస్టరు వరుసలో రాసిన అరవై పేర్లు, వాటి మీద అడ్డముగా కొట్టివేసిన గీత ఉన్నాయి. పేజీ తిప్పితే ఇంటి వరుస పట్టిక. అందులో నాలుగవ పేరు ఆమెది.